కడుపులో సూక్ష్మజీవి, రక్తంలో గ్యాస్ట్రిన్: పాఠకుల ప్రశ్నలకు వైద్యుని సమాధానాలు

జీర్ణాశయపు పుండ్లకు ప్రధాన కారణమైన హెలికోబ్యాక్టర్ పైలోరి గురించి ఈ శీర్షికకు చాలాకాలంగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అయితే ఈమధ్య వస్తున్న ఉత్తరాల తీరు మారింది. సూక్ష్మజీవి ఉందా, లేదా అని అడిగేవారు తగ్గారు. ల్యాబు నివేదికలోని హార్మోన్ల అంకెలు చూసి బెంబేలెత్తుతున్నవారు పెరిగారు. అందువల్ల ఈసారి ఆ హార్మోన్ల చుట్టూ తిరిగే ప్రశ్నలనే ఎంచుకున్నాను.

ప్రశ్న: మా వారి వయసు 46 సంవత్సరాలు. ఏడాదిగా పరగడుపున కడుపులో మంట, అర్ధరాత్రి దాటాక నొప్పితో మెలకువ రావడం, రెండు బిస్కెట్లు తింటే తగ్గడం జరుగుతోంది. ఎండోస్కోపీ చేసి డుయోడినంలో (చిన్నపేగు మొదటి భాగంలో) చిన్న పుండు ఉందని, పైలోరి పరీక్ష పాజిటివ్ అని చెప్పారు. రెండు వారాల మందుల కోర్సు ఇస్తే, నోరంతా చేదుగా, వికారంగా ఉందని ఐదో రోజునే మానేశారు. ప్యాంటోప్రజోల్ మాత్రం ఆరు నెలలుగా రోజూ వేసుకుంటున్నారు. ఈమధ్య ఒక ల్యాబు ప్యాకేజీలో గ్యాస్ట్రిన్ పరీక్ష కూడా చేశారు. 100 లోపు ఉండవలసింది 280 వచ్చింది. గ్యాస్ట్రిన్ ఎక్కువైతే క్లోమంలో గడ్డ ఉండవచ్చని ఇంటర్నెట్‌లో చదివాం. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. వెంటనే స్కానింగ్ చేయించాలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ 280కి కారణాలు మీ ఉత్తరంలోనే రెండు కనిపిస్తున్నాయి, ఆ రెండూ గడ్డ కావు. ఒకటి, సగంలో ఆపేసిన కోర్సు వల్ల బహుశా కడుపులోనే ఉండిపోయిన సూక్ష్మజీవి. రెండవది, రోజూ వేసుకుంటున్న ప్యాంటోప్రజోల్. ఈ రెండూ విడివిడిగానే గ్యాస్ట్రిన్‌ను పెంచుతాయి, కలిస్తే మరింత పెంచుతాయి.

గ్యాస్ట్రిన్ అనేది జీర్ణాశయం చివరి భాగమైన ఆంట్రంలోని జి కణాలు తయారుచేసే హార్మోను. మనం భోజనం చేసినప్పుడు, ముఖ్యంగా పప్పు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులున్న ఆహారం కడుపులోకి చేరినప్పుడు, జి కణాలు దానిని రక్తంలోకి వదులుతాయి. రక్తంతో పాటు ఒళ్లంతా తిరిగి అది మళ్ళీ జీర్ణాశయం పైభాగానికే చేరి, అక్కడి ఇ.సి.ఎల్. కణాల చేత హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. ఆ హిస్టమిన్ పక్కనున్న పెరైటల్ కణాలను ప్రేరేపిస్తే అవి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని స్రవిస్తాయి. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అసలు సంగతి, ఈ స్రావం ఎక్కడ ఆగాలో నిర్ణయించే ఏర్పాటులో ఉంది. ఆంట్రంలోనే, జి కణాలను ఆనుకుని, డి కణాలు ఉంటాయి. కడుపులో ఆమ్లం పెరిగి పి.హెచ్. (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 3 కన్నా దిగువకు చేరగానే ఈ డి కణాలు సొమాటోస్టాటిన్ అనే మరొక హార్మోనును వదులుతాయి. అది రక్తంలో దూరం పోనక్కరలేకుండా పక్కనున్న జి కణాల మీదనే పనిచేసి గ్యాస్ట్రిన్‌ను ఆపుతుంది. మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చేసే పని ఇదే: నీరు ఒక మట్టానికి రాగానే తేలే బంతి కుళాయిని మూసేస్తుంది.

పైలోరి చెడగొట్టేది సరిగ్గా ఆ బంతినే. ఆంట్రంలో సూక్ష్మజీవి స్థిరపడినవారి కడుపులో సొమాటోస్టాటిన్ తగ్గుతుంది, డి కణాల సంఖ్య కూడా తగ్గుతుంది. ఆమ్లం చాలినంత ఉన్నా ఆపమని చెప్పేవారు లేక జి కణాలు గ్యాస్ట్రిన్‌ను వదులుతూనే ఉంటాయి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశోధకులు 1989లో డుయోడినం పుండుకూ ఈ సూక్ష్మజీవికీ మధ్య లంకె గ్యాస్ట్రినే కావచ్చని ప్రతిపాదించారు. ఆ తరువాత 1993లో గ్లాస్గో పరిశోధకులు డుయోడినం పుండు ఉన్నవారిలో సూక్ష్మజీవిని నిర్మూలిస్తే గ్యాస్ట్రిన్ ప్రేరణతో వచ్చే ఆమ్లం మూడింట రెండు వంతులు తగ్గిపోతుందని చూపించారు. మందులతో ఆమ్లాన్ని అణచడం కాదు ఇది, అదుపు చేసే ఏర్పాటు తిరిగి పనిలోకి రావడం. కనుక మీ వారికి అర్ధరాత్రి వచ్చే నొప్పి వెనుక కూడా ఈ కథే నడుస్తూ ఉండాలి. కడుపు ఖాళీగా ఉన్న వేళల్లో ఆమ్లాన్ని తనలోకి పీల్చుకునే ఆహారం లేదు, ఆమ్లస్రావమేమో తగ్గలేదు.

ఇక ప్యాంటోప్రజోల్ సంగతి. ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ అన్నీ ఆ కోవకు చెందినవే. అవి పెరైటల్ కణం ఆమ్లాన్ని బయటకు పంపే మార్గాన్ని మూసేస్తాయి. ఆమ్లం తగ్గిందని గమనించిన డి కణాలు ఊరుకుంటాయి, జి కణాలు గ్యాస్ట్రిన్‌ను పెంచుతాయి. మందు వాడుతున్నంతకాలం గ్యాస్ట్రిన్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగి ఉండటం సాధారణమే. అది మందు పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప జబ్బుకు గుర్తు కాదు. అసలు ఈ మందు వేసుకుంటున్న మనిషికి, ఎందుకోసమో నిర్ణయించుకోకుండా, ఆరోగ్య ప్యాకేజీ పేరుతో గ్యాస్ట్రిన్ పరీక్ష చేయడం నాకు సబబుగా తోచదు. సమాధానం దొరకని అంకె ఒకటి చేతికి వస్తుంది, దానితో పాటే భయమూ వస్తుంది.

మీరు చదివిన గడ్డ నిజంగానే ఉంది. దానిని గ్యాస్ట్రినోమా అంటారు. అది తెచ్చిపెట్టే జబ్బుకు జోలింజర్-ఎల్లిసన్ సిండ్రోమ్ అని పేరు, ఆ ఇద్దరు శస్త్రవైద్యులు 1955లో దానిని వర్ణించారు. అది చాలా అరుదు. పుండ్లు ఒకటి కాక అనేకం ఉండటం, డుయోడినం దాటి ఇంకా లోపలి పేగులో పుండ్లు పడటం, నెలల తరబడి నీళ్ల విరేచనాలు, సూక్ష్మజీవిని నిర్మూలించినా పుండు మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడం, పారాథైరాయిడ్ జబ్బు గాని రక్తంలో కాల్షియం పెరగడం గాని కుటుంబంలో ఉండటం — ఇలాంటివి కనిపిస్తే మేము దానిని అనుమానిస్తాం. అప్పుడు కూడా గ్యాస్ట్రిన్ ఒక్కటే చాలదు, అదే సమయంలో కడుపులో ఆమ్లం ఎంత ఉందో కొలవాలి. గ్యాస్ట్రిన్ 1000 దాటి, కడుపులో పి.హెచ్. 2 కన్నా తక్కువగా ఉంటేనే గ్యాస్ట్రినోమా దాదాపు ఖాయమవుతుంది. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు.

కాబట్టి ఇప్పుడు చేయవలసింది స్కానింగ్ కాదు, ఆపేసిన కోర్సు సంగతి మీ వైద్యునితో మాట్లాడటం. మన దేశంలో క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్, లివోఫ్లోక్సాసిన్ మందులకు లొంగని పైలోరి ఎక్కువగా ఉంది కనుక, సగం వాడి మానేసిన మందులనే మళ్ళీ ఇవ్వడానికి వైద్యులు ఇష్టపడకపోవచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మందు, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ కలిపిన 14 రోజుల చికిత్స ఒక మంచి ప్రత్యామ్నాయం. బిస్మత్ వల్ల నాలుక, మలం నల్లబడతాయి, మెట్రోనిడజోల్ వల్ల నోట్లో ఇనుము నాకినట్లు ఉంటుంది. ఇవి ముందే తెలిస్తే మనిషి కంగారుపడి మానేయడు. భోజనం తరువాత వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది, మద్యం మాత్రం ఆ రెండు వారాలూ, ఆ తరువాత మరో మూడు రోజులూ ముట్టుకోరాదు. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, సూక్ష్మజీవి పోయిందో లేదో పరీక్ష చేయించాలి. అది పోయిందని తేలితే గ్యాస్ట్రిన్ మళ్ళీ కొలవవలసిన పని లేదు. ప్యాంటోప్రజోల్ కూడా ఆగాక వారాల వ్యవధిలోనే అది దిగివస్తుంది.

ప్రశ్న: నేను బి.ఎస్సీ. మైక్రోబయాలజీ విద్యార్థిని. పైలోరి యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసి ఆమ్లాన్ని తటస్థం చేస్తుందని మా పుస్తకంలో ఉంది. అలాంటప్పుడు ఆమ్లం పెరిగి అల్సర్ ఎలా వస్తుంది? మరొకచోట ఇదే బ్యాక్టీరియా ఆమ్లాన్ని తగ్గించి క్యాన్సర్‌కు దారితీస్తుందని చదివాను. ఈ రెండింటిలో ఏది నిజం?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రెండూ నిజమే, ఒకే మనిషిలో కాకపోవచ్చు. మీ ప్రశ్న 1980ల చివర, 90ల మొదట్లో పరిశోధకులను తికమక పెట్టిన ప్రశ్నే కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందు అమ్మోనియా సంగతి చూద్దాం. పైలోరి దగ్గర యూరియేజ్ అనే ఎంజైము విస్తారంగా ఉంటుంది. జఠర రసంలో సహజంగానే ఉండే యూరియాను అది అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువులుగా విడగొడుతుంది. ఆ అమ్మోనియా సూక్ష్మజీవి చుట్టూ ఉన్న కొద్దిపాటి జాగాలో మాత్రమే ఆమ్లాన్ని విరిచేస్తుంది. దానికి కావలసింది కూడా అంతే, జిగురు పొరలోకి చొచ్చుకుపోయేవరకు బతికి ఉంటే చాలు. లీటరుకు పైగా తయారయ్యే రోజువారీ జఠర రసాన్నంతా తటస్థం చేసే శక్తి దానికి లేదు. అయితే జి కణాల దగ్గర ఈ అమ్మోనియా పేరుకుని, అక్కడ ఆమ్లం లేదన్న భ్రమ కల్పించడం వల్లే గ్యాస్ట్రిన్ పెరుగుతోందేమోనని మొదట భావించారు. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఊహ అది. గ్లాస్గో పరిశోధకులు యూరియేజ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూశారు: అమ్మోనియా తగ్గింది, గ్యాస్ట్రిన్ మాత్రం కదలలేదు. దాంతో దృష్టి వాపు మీదికి మళ్ళింది. సూక్ష్మజీవిని ఎదుర్కోవడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు, కడుపు పొరలోని కణాలు కలిసి విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్లు, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ వంటి రసాయనాలే డి కణాలను అణచి, జి కణాలను రెచ్చగొడుతున్నాయని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. అంటే హార్మోన్ల లెక్క తప్పడానికి సూక్ష్మజీవి కన్నా మన శరీరపు ప్రతిస్పందనే దగ్గరి కారణం.

ఇక ఆమ్లం పెరుగుతుందా, తరుగుతుందా అన్నది ఆ వాపు ఎక్కడ ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. వాపు ఆంట్రానికే పరిమితమై, పైన ఆమ్లం తయారుచేసే భాగం ఆరోగ్యంగా మిగిలితే, పెరిగిన గ్యాస్ట్రిన్ ఆదేశాన్ని అందుకునే పెరైటల్ కణాలు కావలసినన్ని ఉంటాయి. ఆమ్లం పెరుగుతుంది. అది డుయోడినంలోకి ఎక్కువగా పారితే, అక్కడి పొర కొన్నిచోట్ల జీర్ణాశయపు పొరలాగా మారుతుంది, ఆ మారిన చోట్లలో పైలోరి కాపురం పెడుతుంది, చివరికి పుండు పడుతుంది. ఆమ్లం లేనిదే పుండు లేదని 1910లో కార్ల్ ష్వార్జ్ చెప్పిన మాట ఈ వర్గానికి ఇప్పటికీ చెల్లుతుంది. అలా కాక వాపు పైభాగానికి కూడా పాకితే కథ తిరగబడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఆమ్లస్రావాన్ని నేరుగా అణచివేసే రసాయనం. ఏళ్లు గడిచేకొద్దీ పెరైటల్ కణాలు క్షీణించి, ఆ పొర పలచబడిపోతుంది. గ్యాస్ట్రిన్ అప్పుడు కూడా ఎక్కువే. కానీ ఆదేశం అందుకునేవారు లేరు. ఆమ్లం లేని ఆ కడుపులోనే క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కాబట్టి రక్తంలో గ్యాస్ట్రిన్ ఒకే అంకె చూపుతున్న ఇద్దరు మనుషుల్లో ఒకరి కడుపు ఆమ్లంతో నిండి ఉండవచ్చు, మరొకరి కడుపులో ఆమ్లమే ఉండకపోవచ్చు. ఆమ్లాన్ని తలచకుండా గ్యాస్ట్రిన్‌ను చదవకూడదని మేము పట్టుబట్టేది అందుకే.

ఎవరిలో వాపు ఎక్కడ నిలుస్తుందన్నదానికి పూర్తి జవాబు ఒకటని లేదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఎక్కువగా తయారుచేసే జన్యు రకం ఉన్నవారిలో ఆమ్లం తగ్గి, జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2000లో వెల్లడైంది. క్యాగ్-ఏ ప్రోటీను ఉన్న పైలోరి రకాలు వాపును ఎక్కువ చేస్తాయి. ఆహారంలో ఉప్పు, పొగతాగడం, చిన్ననాటి పోషకాహార స్థితి వంటివి కూడా తోడవుతాయి. ఇంకొకటి వైద్యులు సైతం మరిచిపోయేది: సూక్ష్మజీవిని కడుపులో అలాగే ఉంచి, ఆమ్లాన్ని తగ్గించే మందులను ఏళ్ల తరబడి వాడితే వాపు ఆంట్రం నుంచి పైభాగానికి జరుగుతుంది. మొదటి ప్రశ్నలో కోర్సును పూర్తిచేయమని గట్టిగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

మీరు మైక్రోబయాలజీ చదువుతున్నారు గనుక ఒక్క ముక్క. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు ఈ సూక్ష్మజీవిని పెంచడానికి నెలల తరబడి ప్రయత్నించి విఫలమయ్యారు. పళ్లేలను రెండు రోజులకే పారేయడం అప్పటి రివాజు. 1982లో ఈస్టరు సెలవులు కలిసివచ్చి పళ్లేలు మామూలు కన్నా ఎక్కువ రోజులు ఇంక్యుబేటరులో ఉండిపోవడంతో అది పెరిగింది. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని నిరూపించాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. కొత్తగా సోకిన తొలి వారాల్లో ఆమ్లం పెరగదు, పడిపోతుంది. మీ రెండు వాక్యాల వైరుధ్యం ఒకే మనిషిలో కాలక్రమంలో కనిపించే సందర్భాల్లో అదొకటి అనుకోవచ్చు.

ప్రశ్న: మా అత్తయ్య గారికి 63 ఏళ్లు, కడపలో ఉంటారు. అరికాళ్ల తిమ్మిర్లకు చూపిస్తే విటమిన్ బి12 బాగా తక్కువగా ఉందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎండోస్కోపీలో కడుపు పొర పలచబడిందన్నారు, పైలోరి కనిపించలేదు. గ్యాస్ట్రిన్ 1150 వచ్చింది. గ్యాస్ మాత్రలు ఆవిడ ఎప్పుడూ వేసుకోలేదు. ఇక్కడి మా డాక్టరును అడిగితే ఆమ్లం ఎంతో తెలియాలన్నారు. దూరాన ఉండి ఏమీ తోచడం లేదు.
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అక్కడి డాక్టరు సరైన ప్రశ్నే అడిగారు. 1150 అన్న అంకె ఒంటరిగా చూస్తే గ్యాస్ట్రినోమా గుర్తుకు వస్తుంది, కానీ మిగతా వివరాలన్నీ మరో వైపు చూపుతున్నాయి. బి12 మన ఆహారం నుంచి శరీరానికి పట్టాలంటే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం కావాలి. దానిని తయారుచేసేది కూడా ఆమ్లాన్ని తయారుచేసే పెరైటల్ కణాలే. ఆ కణాలు క్షీణిస్తే ఆమ్లమూ పోతుంది, బి12 కూడా పట్టదు. ఆమ్లం లేకపోతే డి కణాలు పలకవు, గ్యాస్ట్రిన్ హద్దు లేకుండా పెరుగుతుంది. అత్తయ్య గారి తిమ్మిర్లు, పలచబడిన పొర, గ్యాస్ట్రిన్ మూడూ ఒకే గొలుసులోని లంకెలు కావచ్చు. దీనిని అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్ అంటారు.

ఇది రెండు దారుల్లో వస్తుంది. శరీరమే తన పెరైటల్ కణాల మీద తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు ఒకటి. ఏళ్ల తరబడి ఉన్న పైలోరి రెండవది. సూక్ష్మజీవి కనిపించలేదు కాబట్టి రెండవది కాదని అనుకోవడానికి వీల్లేదు. పొర బాగా క్షీణించి ఆమ్లం లేకుండా పోయిన కడుపులో పైలోరి తానే తగ్గిపోతుంది, పరీక్ష కోసం పొర ముక్క తీసిన చోట కనబడకపోవచ్చు. మామూలుగా రక్తంలో పైలోరి యాంటీబాడీ పరీక్షను నేను సిఫారసు చేయను, ఎందుకంటే అది పాత సోకుడునీ ఇప్పటి సోకుడునీ వేరుచేసి చెప్పలేదు. ఇలాంటి సందర్భంలో మాత్రం పాత సోకుడును తెలుసుకోవడమే కావాలి కనుక అది పనికి వస్తుంది. దానితో పాటు పెరైటల్ కణాల యాంటీబాడీలు, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీలు, పెప్సినోజెన్ 1, 2ల నిష్పత్తి, థైరాయిడ్ పరీక్ష, ఐరన్ నిల్వలు చూడమని అడగండి. ఆటోఇమ్యూన్ జబ్బున్న వారిలో థైరాయిడ్ కూడా తరచుగా దెబ్బతింటుంది. ఆమ్లం లేకపోతే ఐరన్ సరిగా పట్టదు. పెప్సినోజెన్ 1ని ఆమ్లం తయారయ్యే భాగం మాత్రమే ఇస్తుంది కనుక, అది తగ్గిపోయి గ్యాస్ట్రిన్ పెరిగిందంటే పైభాగం క్షీణించిందన్న అనుమానం బలపడుతుంది.

గ్యాస్ట్రిన్‌ను తగ్గించడానికి మందు అక్కరలేదు, దానికోసం వెతకవద్దు. కానీ ఏళ్ల తరబడి ఎక్కువ గ్యాస్ట్రిన్‌కు లోనైన ఇ.సి.ఎల్. కణాలు విస్తరించి, కొందరిలో చిన్న చిన్న కంతులుగా మారతాయి. వాటిలో అత్యధికం నెమ్మదిగా పెరిగేవి, ఎండోస్కోపీలోనే తీసివేయదగినవి. కాబట్టి మొదటి ఎండోస్కోపీలో ముక్కలు ఏయే చోట్ల తీశారో నివేదిక చూసి, ఆంట్రం నుంచి, పైభాగం నుంచి విడివిడిగా తీయకపోతే ఆ పరీక్ష మళ్ళీ చేయించడం మంచిది. పొర విస్తారంగా క్షీణించి ఉంటే సుమారు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ అవసరమవుతుంది. బి12 ఇంజెక్షన్లు సాధారణంగా జీవితాంతం కొనసాగించాలి, తిమ్మిర్లు తగ్గాయని మానరాదు.

ప్రశ్న: పైలోరికి మందులు వాడి పూర్తిగా నయమైంది. ఆ తరువాత నాలుగు కిలోల బరువు పెరిగాను. సూక్ష్మజీవి పోతే ఆకలి హార్మోను పెరుగుతుందని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ స్నేహితుడు చెప్పినది కొంతవరకు నిజం. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును జపాన్ పరిశోధకులు 1999లో కనుగొన్నారు. అది ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది. పైలోరి ఉన్నవారి రక్తంలో సగటున గ్రెలిన్ తక్కువగా ఉండటం అనేక పరిశోధనల్లో కనిపించింది, ముఖ్యంగా ఆ పొర క్షీణించినవారిలో. ఇక్కడివరకు తర్కం సరిగానే ఉంది. సూక్ష్మజీవి పోయాక గ్రెలిన్ పెరుగుతుందా అన్న దగ్గర పరిశోధనలు ఒకమాట మీద లేవు: కొన్నింట్లో పెరిగింది, కొన్నింట్లో మారలేదు, కొన్నింట్లో తగ్గింది కూడా. ఆకలిని తగ్గించే హార్మోను, జీర్ణాశయంలోనూ తయారయ్యే లెప్టిన్ సంగతీ అంతే.

నా అనుభవంలో అంతకన్నా సూటి కారణం ఒకటుంది. తింటే మంట పుడుతుందన్న భయంతో రెండేళ్లు అర్ధాకలితో గడిపిన మనిషి, నొప్పి పోగానే కడుపునిండా తింటాడు. రాత్రి ఏడున్నరకు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నవారు మళ్ళీ బిర్యానీ వైపు చూడటం నేను ఎన్నోసార్లు గమనించాను. పోగొట్టుకున్న బరువు తిరిగి వస్తే అది మంచిదే, అంతకు మించితే భోజనం సంగతి చూసుకోవాలి. బరువు పెరుగుతామన్న భయంతో సూక్ష్మజీవిని ఉంచుకోవాలనుకుంటే అది తెలివైన ఆలోచన కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 1994లోనే దీనిని మొదటి వర్గపు క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

ప్రశ్న: నాకు డుయోడినం అల్సర్. మంట వచ్చినప్పుడల్లా చల్లని పాలు తాగమని మా నాన్నగారు అంటారు. తాగితే హాయిగానే ఉంటుంది, గంటకల్లా మళ్ళీ మొదలవుతుంది.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ నాన్నగారి తరంలో పెద్ద వైద్యులు కూడా అదే చెప్పేవారు. షికాగోలో బెర్ట్రమ్ సిప్పీ 1915లో ప్రవేశపెట్టిన పథ్యంలో గంటగంటకూ పాలు, మీగడ ఇచ్చేవారు, అది దశాబ్దాలపాటు ప్రపంచమంతా నడిచింది. మీరు గమనించినది సరైనదే. పాలు మొదట ఆమ్లాన్ని కాస్త విరుస్తాయి, కానీ వాటిలోని మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఆమ్లస్రావాన్ని ప్రేరేపిస్తాయి. పైలోరి వల్ల సొమాటోస్టాటిన్ అదుపు సడలిన కడుపులో ఆ ప్రేరణకు వచ్చే స్పందన మామూలు కన్నా ఎక్కువ. హాయి కొద్దిసేపే నిలవడానికి అదే కారణం. మామూలుగా రోజుకు ఒక గ్లాసు తాగడంలో తప్పు లేదు, మందుగా మాత్రం వాడవద్దు. పైలోరి కోర్సులో టెట్రాసైక్లిన్ ఉంటే ఆ మాత్రకు, పాలు పెరుగులకు మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి; పాలలోని కాల్షియం ఆ మందును పట్టేసి ఒంటికి అందనివ్వదు.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. గతవారం మలపరీక్షలో పైలోరి లేదని వచ్చింది. మాత్ర మానేద్దామని చూస్తే రెండో రోజుకే విపరీతమైన మంట. సూక్ష్మజీవి లేకుండా ఇంత మంట ఎందుకు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ ‘లేదు’ అన్న నివేదికను నమ్మడానికి లేదు. మీ గ్యాస్ మాత్ర ప్యాంటోప్రజోల్ కోవదేనని అనుకుంటున్నాను; ఆ మాత్ర వాడుతుండగా పైలోరి సంఖ్య తగ్గుతుంది, మలపరీక్ష, శ్వాస పరీక్ష, ఎండోస్కోపీలోని యూరియేజ్ పరీక్ష మూడూ ఉండి కూడా లేదని చెప్పవచ్చు. మీ వైద్యుని అనుమతితో మాత్రను కనీసం రెండు వారాలు ఆపి, యాంటీబయాటిక్స్ గాని బిస్మత్ గాని వాడి ఉంటే నాలుగు వారాలు ఆగి, మళ్ళీ చేయించాలి. ఆ రోజుల్లో మంటకు ఆంటాసిడ్ ద్రవం వాడుకోవచ్చు.

ఇక మానగానే వచ్చిన మంట. ఎనిమిదేళ్లుగా ఆమ్లం అణగి ఉండటం వల్ల మీ గ్యాస్ట్రిన్ ఎక్కువగానే ఉండి ఉంటుంది, దాని ప్రేరణతో ఇ.సి.ఎల్. కణాలు కూడా పెరిగి ఉంటాయి. మాత్ర ఆపగానే పెరైటల్ కణాల మార్గాలు తెరుచుకుంటాయి. పెరిగిన ఆ కణాలు తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఆమ్లం మామూలు కన్నా ఎక్కువగా వస్తుంది. ఇది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. ఒక్కసారిగా మానకుండా, మోతాదును సగం చేసి రెండు మూడు వారాలు, తరువాత రోజు విడిచి రోజు, ఆపై అవసరమైనప్పుడు మాత్రమే వేసుకుంటూ తగ్గించుకోవడం చాలామందికి సాధ్యపడుతుంది. అయితే మీరు నొప్పి నివారణ మాత్రలు గాని, గుండె కోసం ఆస్పిరిన్ గాని వాడుతున్నా, గతంలో పుండు నుంచి రక్తస్రావం జరిగి ఉన్నా ఈ మాత్రను మీ అంతట మీరు తగ్గించకండి. మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, తారులాంటి నల్లని మలం — వీటిలో ఏది కనిపించినా మలపరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా ఎండోస్కోపీ చేయించుకోండి.